ఊరికి దాత, ఇంటికి భయం: ఒక నైజీరియా నవల మన సంఘాలను అడిగే ప్రశ్న



మట్టల ఆదివారం. ఒక కుటుంబం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు పదిహేడేళ్ల కొడుకు బల్లలో పాలుపొందలేదు. ఎందుకని తండ్రి నిలదీశాడు. కొడుకు చెప్పిన జవాబు నచ్చక, చేతిలో ఉన్న బరువైన ఆరాధన గ్రంథాన్ని అతని మీదికి విసిరాడు. గురి తప్పింది. గది అవతల అరలో తల్లి ముచ్చటగా దాచుకున్న చిన్న చిన్న పింగాణీ బొమ్మలకు ఆ గ్రంథం తగిలింది. అవి ముక్కలైపోయాయి. తల్లి పల్లెత్తు మాట అనలేదు. వంగి ఆ ముక్కలు ఏరుకుంది.

నైజీరియా రచయిత్రి చిమమాండ న్గోజి అడిచీ రాసిన 'పర్పుల్ హైబిస్కస్' అనే నవల ఇలా మొదలవుతుంది. ఆ పేరుకు 'ఊదా మందారం' అని అర్థం చెప్పుకోవచ్చు. సంఘ పత్రికలో నవల గురించి సంపాదకీయం ఏమిటని కొందరు అనుకోవచ్చు. ప్రభువు కూడా ఉపమానాలలోనే ఎక్కువ బోధించాడు. మనం నేరుగా చూడలేని సంగతిని కథ పక్కనుంచి చూపిస్తుంది. నాతాను దావీదుకు ముందు ఒక గొర్రెపిల్ల కథే చెప్పాడు. ఆ కథలో తప్పు చేసినవాడి మీద దావీదు మండిపడ్డాకే, ఆ మనిషి నీవే అన్న మాట వినవలసి వచ్చింది. ఈ నవల నా విషయంలో అదే పని చేసింది. ఎలాగో చివర చెబుతాను.

నవల, రచయిత్రి, ఆ కాలం

అడిచీ 1977లో ఎనుగు పట్టణంలో పుట్టారు. న్సుక్కాలోని విశ్వవిద్యాలయ ఆవరణలో పెరిగారు. తండ్రి అక్కడ ఆచార్యులు, తల్లి అదే విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు. వారిది ఇగ్బో జాతి, కతోలిక కుటుంబం. 2003లో వెలువడిన ఈ పుస్తకం ఆమె తొలి నవల. 2005లో దీనికి తొలి పుస్తకాలకిచ్చే కామన్వెల్త్ రచయితల బహుమతి లభించింది.

కథ జరిగేది సైనిక పాలన నడుస్తున్న నైజీరియాలో. 1983 చివర అక్కడ పౌర ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. 1999లో గాని తిరిగి ప్రజాప్రభుత్వం రాలేదు. ఆ నడుమ ఒక సైనికాధికారిని దించి మరొకరు గద్దెనెక్కారు. 1986 అక్టోబరులో లాగోస్ నగరంలో 'న్యూస్‌వాచ్' పత్రిక సంపాదకుడు డెలే గివాకు ఇంటికి ఒక పార్శిలు వచ్చింది. అది బాంబు. ఆయన మరణించాడు. 1995 నవంబరులో రచయిత కెన్ సారో-వివాను సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. నిజం రాసినవాడు బతికి బట్టకట్టడం కష్టమైన రోజులవి. ఈ నవలలోని రాజకీయ వాతావరణం అదే.

యూజీన్ అనే మంచివాడు

కథ చెప్పేది పదిహేనేళ్ల కాంబిలి. అన్న జాజా. తల్లి బియాట్రిస్. తండ్రి యూజీన్ ఎనుగులో పెద్ద పారిశ్రామికవేత్త. బిస్కెట్లు, పానీయాలు తయారు చేసే ఫ్యాక్టరీలున్నాయి. వాటితోపాటు 'స్టాండర్డ్' అనే పత్రిక కూడా ఆయనదే.

ఈ మనిషి మంచితనం నటన కాదు. అది మొదట గుర్తుంచుకోవాలి. సైనిక ప్రభుత్వం నోరు మూయమన్నా ఆయన పత్రిక మూయలేదు. డబ్బు ఆశ చూపిస్తే తరిమేశాడు. ఎంతోమంది పిల్లల ఫీజులు కడతాడు. క్రిస్మసుకు స్వగ్రామం వెళితే ఊరంతా ఆయన ఇంట భోజనం చేస్తుంది. ఊరివారు ఆయనకిచ్చిన బిరుదుకు, సమాజం కోసం పాటుపడేవాడు అని అర్థం. ఆయన పత్రిక సంపాదకుడు ఆడే కోకర్ ఉదయం ఫలహారం దగ్గర కూర్చుని ఉండగా పార్శిలు బాంబు పేలి చనిపోతాడు. డెలే గివా గుర్తుకు రాక తప్పదు. ఆ తరువాత ఆ కుటుంబ భారమంతా యూజీన్ తన మీద వేసుకుంటాడు. భయంతో మాట పడిపోయిన అతని చిన్న కూతురికి వైద్యం చేయిస్తాడు. గుడిలో గురువు ఆయన పేరు ప్రసంగంలో ఆదర్శంగా చెబుతాడు.

మరి ఇంట్లో? పిల్లల గదుల్లో గోడకు దినచర్య పట్టికలు అంటించి ఉంటాయి. చదువు ఇంతసేపు, ప్రార్థన ఇంతసేపు, నిద్ర ఇంతసేపు. నవ్వుకు వేళ లేదు. కూతురు తరగతిలో రెండో స్థానంలో వస్తే, మొదట వచ్చిన పిల్లకు ఎన్ని తలలున్నాయని అడిగి అద్దంలో ముఖం చూసుకోమంటాడు. నెలసరి నొప్పికి మాత్ర వేసుకోవాలని పూజకు ముందు కాంబిలి కాస్త ఫలహారం తింటుంది. ఉపవాస నియమం తప్పినందుకు ఆమెను, ఆమెకు సాయం చేసిన అన్నను, తల్లిని కలిపి బెల్టుతో కొడతాడు. కొట్టాక దగ్గరకు తీసుకుని, నొప్పి పుట్టిందా అని అడుగుతాడు.

భార్య గర్భవతి. ఒక ఆదివారం వికారంగా ఉండి, పూజ అయ్యాక గురువుగారి ఇంటికి రాలేక, కారులోనే కూర్చుంటానంటుంది. చివరకు వెళ్లి వస్తుంది కూడా. అయినా ఆ ఒక్క మాటకు ఆ రోజు దెబ్బలు తింటుంది. గర్భం పోతుంది. మెట్ల మీది రక్తం పిల్లలిద్దరూ తుడుస్తారు. తరువాత ఆ తండ్రి కుటుంబాన్ని కూర్చోబెట్టి, తల్లికి దేవుని క్షమాపణ దొరకాలని పదహారు నవదిన ప్రార్థనలు చేయిస్తాడు. దేనికి క్షమాపణ? ఆ ప్రశ్న వేసుకోవడానికి కూడా కాంబిలికి ధైర్యం చాలదు.

మరోసారి భార్యను కొట్టడానికి చేతికి దొరికినది కుటుంబ బైబిలు ఉంచే చిన్న బల్ల. ఆ బల్ల ఆమె కడుపు మీద విరుగుతుంది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నేను కాసేపు కలం పక్కన పెట్టాను.

'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత' అని మన పెద్దలంటారు. అది లేమిని దాచి డాబు చూపించేవారి గురించి చెప్పిన మాట. యూజీన్ ఇంట లేమి లేదు, ఈగలూ లేవు. ఆ ఇంట వినిపించకుండా దాచిపెట్టినది ఏడుపు.

ఆ క్రూరత్వం ఎక్కడ నుంచి వచ్చింది?

యూజీన్‌ను రాక్షసుడిగా చిత్రించి వదిలేయడం రచయిత్రికి సులువే. ఆమె అలా చేయలేదు. కాంబిలి చేసిన ఒక 'పాపానికి' శిక్షగా ఆయన ఆమె పాదాల మీద సలసల కాగే నీళ్లు పోస్తాడు. పోస్తూ తానూ ఏడుస్తాడు. తరువాత ఒక సంగతి చెబుతాడు. తాను చిన్నప్పుడు ఒక మిషనరీ గురువు ఇంట ఉండి చదువుకునేవాడట. తన శరీరం విషయంలో ఒక తప్పు చేస్తే ఆ గురువు వేడినీళ్ల గిన్నెలో తన చేతులు ముంచాడట. అది తన మేలుకే జరిగిందని ఆయన ఈనాటికీ నమ్ముతాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ బాలుడికి సువార్త, వేడినీళ్లు ఒకే చేతి నుంచి అందాయి. కృప ఏదో, గాయం ఏదో విడదీసి చెప్పేవారు అతనికి దొరకలేదు. పెద్దవాడయ్యాక రెంటినీ కలిపే పిల్లలకు ఇచ్చాడు. మనలో ఎంతమందిమి బెత్తం దెబ్బలతో వాక్యాలు కంఠస్థం చేశాం! దానికి కృతజ్ఞత చెప్పుకుంటూ అదే బెత్తం మన పిల్లల మీద ఎత్తలేదా? తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని, ప్రభువు శిక్షలోను బోధలోను పెంచాలని ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం చెబుతోంది. అక్కడ 'శిక్ష' అంటే తీర్చిదిద్దడం. తోలు ఊడేలా కొట్టడం అని అర్థం తీయడానికి ఆ వచనంలో చోటు లేదు.

తాతయ్య గుమ్మం

ఈ నవలలో మన తెలుగు క్రైస్తవులకు బాగా దగ్గరగా వచ్చే భాగం ఒకటుంది. యూజీన్ తండ్రి క్రైస్తవుడు కాలేదు. తన పూర్వీకుల ఆచారంలోనే ఉన్నాడు. ముసలివాడు, పేదవాడు. కొడుకు ఊళ్లో పెద్ద భవంతి కట్టుకున్నాడు గాని తండ్రిని గడప తొక్కనివ్వడు. పిల్లలు ఆ తాతయ్యను క్రిస్మసు సెలవుల్లో చూడవచ్చు. కాని పదిహేను నిమిషాలే. ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

ఆ ముసలాయన ఒకసారి నవ్వుతూనే ఒక మాట అంటాడు. మిషనరీలు తండ్రి, కుమారుడు సమానమని చెప్పారట. అందుకేనేమో నా కొడుకు నన్ను లెక్కచేయడు, మేమిద్దరం సమానమనుకుంటున్నాడు అని. త్రిత్వాన్ని ఆయన తప్పుగా అర్థం చేసుకున్నాడని మనం సెమినరీ పాఠం చెప్పవచ్చు. కాని ఆ పాఠం ఆయనకు కొడుకు నడవడి నుంచి అందిందని మరచిపోకూడదు.

న్సుక్కాలో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మేనత్త ఇఫియోమా ఉంది. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. పెట్రోలు దొరకదు, నీళ్లు రావు, మాంసం ముక్కలు లెక్కపెట్టి వడ్డించాలి. ఆమె కూడా కతోలికురాలే. రోజూ జపమాల చెప్పుకుంటుంది. ఆ ప్రార్థనల నడుమ మాతృభాషలో పాటలుంటాయి. ఆమె తమకు సమాధానంతోపాటు నవ్వు కూడా ఇమ్మని దేవుణ్ణి అడుగుతుంది. నవ్వు కోసం కూడా ప్రార్థించవచ్చా అని కాంబిలి ఆశ్చర్యపోతుంది. జబ్బుపడిన తాతయ్యను ఇఫియోమా తన ఇంటికి తెచ్చుకుంటుంది. ఒక తెల్లవారుజామున ఆయన తన పద్ధతిలో ప్రార్థన చేస్తుంటే చాటుగా చూడమని కాంబిలిని లేపుతుంది. ఆ ముసలాయన తన వంశమంతటి కోసం వేడుకుంటాడు. తనను గడప తొక్కనివ్వని కొడుకు క్షేమం కూడా అడుగుతాడు.

తాతయ్య ఆ ఇంట్లోనే కన్నుమూస్తాడు. ఆ తరువాత అక్కడికి వచ్చిన యూజీన్ అడిగిన సంగతి, చివరి సంస్కారానికి గురువును పిలిచారా అని. కాంబిలి పాదాల మీద వేడినీళ్లు పడింది, ఆ తాతయ్యతో ఒకే ఇంట్లో ఉన్నందుకే.

మన సంఘాల్లో మొదటి, రెండవ తరం విశ్వాసుల ఇళ్లలో ఇలాంటి గుమ్మాలు లేవా? బాప్తిస్మం తీసుకోని అమ్మమ్మను, నాన్నమ్మను పండుగకు పిలవని ఇళ్లు నాకు తెలుసు. విగ్రహార్పితం తినాలా వద్దా అన్నది మనస్సాక్షి ప్రశ్న. పౌలు కొరింథీయులకు మొదటి పత్రికలో దాన్ని ఓపికగా విడమరచి చెప్పాడు. ఆ విషయంలో ఎవరినీ బలవంతపెట్టను. తల్లిదండ్రులను సన్మానించడం మాత్రం ఆజ్ఞ. వారు మన విశ్వాసంలో ఉంటేనే అన్న షరతు అందులో లేదు. దేవునికి అర్పించామన్న సాకుతో తల్లిదండ్రులకు చేయవలసినది ఎగవేసినవారిని ప్రభువు మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో కఠినంగా గద్దించాడు. అది మనకూ వర్తిస్తుంది.

నోరున్న పత్రిక, నోరు లేని ఇల్లు

నవలలో ఒక చిన్న సన్నివేశం. ఆడే కోకర్ యూజీన్ ఇంటికి వస్తాడు. పిల్లలిద్దరూ అణిగిమణిగి కూర్చుని ఉంటారు. పిల్లలు ఎంత నెమ్మదో అని అతను ఆశ్చర్యపోతాడు. మనమంతా ఇలాగే నోరు మూసుకుని ఉంటే మన పత్రిక ఏమయ్యేదో అని సరదాగా అంటాడు. అతను నవ్వుతాడు. యూజీన్ నవ్వడు.

నా మట్టుకు నవల అంతా ఆ సరదా మాటలోనే ఉంది. దేశంలో సైనికాధికారి చేస్తున్నదే ఇంట్లో తండ్రి చేస్తున్నాడు. ప్రశ్నించకూడదు. పట్టిక ప్రకారం నడవాలి. దెబ్బ తిన్నా మెట్ల మీంచి జారిపడ్డామని చెప్పాలి. బయటి నియంతను ఎదిరించే ధైర్యం ఆ మనిషికి నిండుగా ఉంది. తానూ నియంతనేనని చూసుకునే కళ్లు లేవు.

నేనూ ఒక పత్రిక సంపాదకుణ్ణే. దళిత క్రైస్తవుల హక్కుల గురించి, మందిరాల మీద దాడుల గురించి ఈ పుటలో చాలాసార్లు రాశాను. రాయాలి కూడా. మనకు జరిగే అన్యాయం గురించి గొంతెత్తే హక్కు మనకుంది. అయితే మన ఇళ్లలో మనవారే చేసే అన్యాయం గురించి ఈ పుటలో ఎన్నిసార్లు వచ్చింది? పాత సంచికలు తిరగేశాను. సిగ్గుపడ్డాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహితులైన స్త్రీలలో దాదాపు పదిమందికి ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించారు. అదే సర్వే స్త్రీలను మరో ప్రశ్న అడిగింది: భర్త భార్యను కొట్టడం ఏ కారణానికైనా సమంజసమేనా? అత్తమామలను గౌరవించకపోవడం, ఇంటిని, పిల్లలను పట్టించుకోకపోవడం వంటి కారణాలలో ఏదో ఒకదానికి సమంజసమేనని తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను దాదాపు 84 శాతం స్త్రీలు చెప్పారు. దేశంలో ఇదే అత్యధికం. ఈ లెక్క అన్ని మతాలవారిది. అయినా ఆ స్త్రీలలో మన స్త్రీల సమాజం సభ్యులు లేరని నేనైతే అనలేను.

విధేయత ఎవరికి?

బియాట్రిస్ ఎందుకు వెళ్లిపోలేదు? ఆడబిడ్డ ఇఫియోమా వెళ్లిపొమ్మనే చెబుతుంది. ఇల్లు తగలబడుతుంటే కప్పు మీద పడేదాకా లోపల ఉండకూడదని ఆమె వాదన. బియాట్రిస్ జవాబు మనకు కొత్త కాదు. వెళ్లి ఎక్కడ ఉండను? గర్భాలు నిలవకపోయినా ఆయన రెండో పెళ్లి చేసుకోలేదు కదా? ఎంతమంది పిల్లలను చదివిస్తున్నాడు! కృతజ్ఞత అనే తాడుతో ఆమె కాళ్లు కట్టేసి ఉన్నాయి.

ఆ కుటుంబంలో అందరూ ఒకరికొకరు విధేయులే. కాంబిలి తండ్రిని నిజంగా ప్రేమిస్తుంది. ఆయన కప్పులోని వేడి టీ ఒక గుక్క తాగనిస్తే నాలుక కాలినా అది ప్రేమేనని మురిసిపోతుంది. ఆ విధేయతే చివరకు అందరినీ బలి తీసుకుంటుంది. ముగింపు చెప్పక తప్పదు గనుక చెబుతున్నాను. దిక్కుతోచని బియాట్రిస్ భర్త తాగే టీలో విషం కలుపుతుంది. ఆయన చనిపోతాడు. తల్లిని కాపాడలేకపోయానన్న బాధతో జాజా ఆ నేరం తన మీద వేసుకుని జైలుకు వెళతాడు. తానే చేశానని తల్లి చెప్పినా ఎవరూ నమ్మరు. మూడేళ్లు కావస్తుండగా అతను విడుదలవుతాడన్న కబురు వస్తుంది. ఈలోగా తల్లి మనసు చితికిపోయింది. జాజా నవ్వు పోయింది. కాంబిలి మాత్రం ఇంకా ప్రార్థిస్తుంది. తండ్రి ఆత్మ కోసం పూజలు చేయిస్తుంది.

హత్య పరిష్కారం కాదు. రచయిత్రి దాన్ని విజయంగా చూపించనూ లేదు. అందులో ఎవరూ గెలవలేదు. నవలలో నాకు ఇబ్బందిగా తోచిన సంగతి మరొకటుంది. ఫాదర్ అమాడి అనే యువ గురువుకు, పదిహేనేళ్ల కాంబిలికి నడుమ పెరిగే ఆకర్షణ. అతను హద్దు దాటడు గాని, సంఘ సేవకుడు అంత దగ్గరకు రానివ్వవలసింది కాదు. యువతీయువకులకు ఈ పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ సంగతి కూడా మాట్లాడండి.

కాని నన్ను వెంటాడేది వేరే ప్రశ్న. ఆ తల్లి చేతికి విషం సీసా రాకముందు ఎవరు ఏం చేసి ఉండవచ్చు? గురువు ఫాదర్ బెనెడిక్ట్ ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. తండ్రి కాలితో తన్నిన దెబ్బలకు కాంబిలి ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటే వచ్చి అంత్య అభ్యంగనం ఇచ్చాడు. ఇన్ని గాయాలు ఎక్కడివని ఆ ఇంట ఎవరినీ గట్టిగా నిలదీసినట్లు కనబడదు. సంస్కారం లోపం లేకుండా జరిగింది. ఆ పిల్ల మాత్రం ఒంటరిగానే మిగిలింది.

బైబిలులో అబీగయీలు ఇంటికి విధేయురాలే. 1 సమూయేలు 25లో ఆమె తన ఇంటివారందరి ప్రాణాలు కాపాడింది. అందుకోసం తన భర్త నాబాలు ఎలాంటివాడో దావీదు ముందు దాచలేదు. నిజం చెప్పడం కుటుంబ ద్రోహం కాదు. ఏలీ మాత్రం ఇంటి పరువు చూసుకున్నాడు. కొడుకులు చేసేది తెలిసీ అడ్డుకోలేదు. దేవుడు ఆ మౌనానికి లెక్క అడిగాడు.

నా ఒప్పుకోలు

పాతికేళ్ల క్రితం సంగతి. నేను కొత్తగా అభిషేకం పొంది ఒక పల్లె సంఘంలో పని చేస్తున్నాను. ఒక సాయంత్రం ఒక సహోదరి వచ్చింది. భర్త సంఘ పెద్ద. మందిరం కప్పుకు అందరికంటే ఎక్కువ కానుక ఇచ్చినవాడు. ఆమె చెంగు జరిపి మోచేయి చూపించింది. నేను చూశాను. 'ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి, నీ నెమ్మదిని చూసి ఆయన మారతాడు' అన్నాను. తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపించాను. మంచి కాపరిని అనుకున్నాను. మర్నాడు ఆ పెద్దను కలిసి కూడా ఏమీ అడగలేదు. కప్పు పని సగంలో ఉంది.

ఆమె మళ్లీ ఎప్పుడూ నా దగ్గరకు రాలేదు. చాలా ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో ఆమె కూతురు నన్ను గుర్తుపట్టింది. క్షేమ సమాచారాలయ్యాక మెల్లగా అంది: 'అయ్యగారూ, ఆ రోజు నేనూ తమ్ముడూ మీ గేటు బయటే ఉన్నాం. అమ్మ బయటికి వస్తే ఇక ఇంటికి వెళ్లమని అనుకున్నాం.' ఆ మాటలో కోపం లేదు. అందుకే ఇంకా బరువుగా ఉంది.

ఈ నవలలో ఫాదర్ బెనెడిక్ట్‌ను చూసి కోపం తెచ్చుకున్నాను. పుస్తకం మూశాక ఆ గేటు గుర్తుకొచ్చింది. ఆ మనిషి నీవే.

సంఘం ఏం చేయగలదు?

మొదటిది, ఎవరైనా ఇలా వస్తే ముందు అడగవలసినది, 'ఈ రాత్రి నీకు, పిల్లలకు ప్రమాదం ఉందా?' అని. ప్రార్థన తప్పక చేయండి. దాన్ని పంపించివేసే మార్గంగా వాడకండి. కొట్టినవాడిని, దెబ్బ తిన్న ఆమెను వెంటనే ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి. అక్కడ ఆమె నిజం చెప్పలేదు. చెబితే ఇంటికి వెళ్లాక దానికి వేరే శిక్ష ఉంటుంది.

రెండవది, సంఘ పెద్దలను ఎన్నుకునేటప్పుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయం చదవండి. కొట్టేవాడు అధ్యక్షుడు కాకూడదని అక్కడ స్పష్టంగా ఉంది. తన ఇంటిని ఏలడం తెలియనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని అపొస్తలుడు అడుగుతున్నాడు. కానుకల పుస్తకం చూసి పెద్దలను ఎన్నుకుంటే మనం వేరే బైబిలు చదువుతున్నట్లే.

మూడవది, పెళ్లి ప్రసంగాలు. ఎఫెసీయులకు ఐదవ అధ్యాయంలో భార్యలకు మూడు వచనాలున్నాయి. భర్తలకు అంతకు మూడింతలు. మన ప్రసంగాల్లో ఆ లెక్క తిరగబడింది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకే ఆటంకం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో ఉంది. ఎన్నిసార్లు బోధించాం?

నాలుగవది, చట్టం. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమలులో ఉంది. దాని కింద రక్షణ ఉత్తర్వు పొందవచ్చు, ఇంట్లోనే నివసించే హక్కు, భరణం అడగవచ్చు. ఇంటి సంగతి కోర్టుకెక్కించడం అవిశ్వాసం కాదు. అధికారులను కీడు చేసేవారి మీద దేవుడు నియమించాడని రోమీయులకు రాసిన పత్రిక పదమూడవ అధ్యాయంలో చదువుతున్నాం గదా! స్త్రీలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112. ఈ మూడు నంబర్లు మందిరం నోటీసు బోర్డు మీద రాయండి. స్త్రీలు ఒంటరిగా వెళ్లే చోట, స్నానాల గది తలుపు లోపలి వైపున కూడా అంటించండి.

ఐదవది, కొట్టేవాడిని కూడా విడిచిపెట్టకండి. యూజీన్‌కు ఎవరూ చెప్పలేదు. అతని చుట్టూ ఉన్నవారంతా అతని దగ్గర సాయం పొందినవారే. పశ్చాత్తాపానికి పిలవడమే అతని మీద మనకున్న ప్రేమ. పశ్చాత్తాపం అంటే ఒకనాటి కన్నీళ్లు కాదు. యూజీన్ ప్రతిసారీ ఏడ్చాడు.

ఊదా మందారం

కాంబిలి ఇంటి తోటలో ఉండేవి ఎర్ర మందారాలే. మేనత్త ఇంట ఒక స్నేహితురాలు ప్రయోగాలు చేసి పండించిన ఊదా మందారాలుంటాయి. జాజా వాటి కొమ్మలు తెచ్చి తన ఇంట నాటుకుంటాడు. ఎవరూ చూడని రంగు. ఆ పూలను చూసే తండ్రిని కాదనే ధైర్యం అతనికి వచ్చినట్టనిపిస్తుంది. విశ్వాసం, నవ్వు, స్వేచ్ఛ ఒకే ఇంట కలిసి ఉండవచ్చని ఆ పిల్లలు మొదటిసారి చూసింది న్సుక్కాలోని ఆ బీద ఇంట్లో. అదే దేవుడు, అదే జపమాల. భయం మాత్రం లేదు. పరిపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను చెప్పిన దానికి అంతకంటే సులువైన వ్యాఖ్యానం నాకు తెలియదు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలుపుతాం. ఆ చేతుల్లో ఒకటి మోచేయి దాచుకుంటున్నదేమో చూడండి. గేటు బయట ఎవరైనా పిల్లలు ఎదురు చూస్తున్నారేమో చూడండి.

మన ఇళ్లలో నవ్వు వినబడేటట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.